పేరయ్యగారి చెవి

పేరుకి ఇనుమునే గానీ, నా అంత పిరికిదాన్ని మీరు చూసి ఉండరు. నేనొక సోడా మిషన్ని. గోలీ సోడా కొట్టే చక్రం మిషన్ని. బందరులో పాత ఇనప సామాన్ల కొట్లో, కాలు విరిగిన కుట్టు మిషనుకీ తుప్పు పట్టిన బావి గిలకకీ నడుమ పడి ఉన్నాను. ఇప్పుడిక నాకొచ్చే ముప్పేమీ లేదు, మహా అయితే కరిగిస్తారు. అయినా ఎవరైనా గాజుసీసా ఠక్కున కింద పెట్టారంటే చాలు, ఇవాళ్టికీ నా బోల్టులన్నీ బిగుసుకుపోతాయి. ఎందుకంటారా? చెప్తాను, కాస్త కూర్చోండి. మీ చేతిలో ఆ సీసా మాత్రం దూరంగా పెట్టండి బాబూ.

నన్ను మద్రాసులో పోతపోశారు. తెల్లదొరల రోజులు. నా ఒంట్లో పెద్ద గొప్పేమీ లేదు. కింద దిమ్మ, పక్కన చేత్తో తిప్పే చక్రం, నడుమ ఒక్క సీసా పట్టే ఇనప పెట్టె. నీళ్లు నింపిన సీసాని ఆ పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, చక్రం తిప్పుతారు. సీసా పల్టీలు కొడుతూ ఉంటే, పక్కనున్న బుడ్డిలోంచి గ్యాసు దాని కడుపులోకి జొరబడుతుంది. చాలినంత ఎక్కాక లోపలి గోలీ వెళ్లి మూతికి బిగుసుకుంటుంది. అప్పుడు మూత తెరిచి సీసాని చేత్తో బయటికి తీస్తారు. సోడా తయారు.

నా భయమంతా ఇక్కడే ఉంది. గాజులో వెంట్రుకవాసి బీట ఉంటే చాలు, గ్యాసు ఎక్కాక అది సీసా కాదు, తుపాకి గుండు. నా పెట్టెలో పగిలితే దిగుల్లేదు, ఆ దెబ్బ నేను కాస్తాను, నన్ను ఇనుముతో చేసింది అందుకే. కానీ కొన్ని సీసాలున్నాయి చూడండి, పెట్టెలో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, మనిషి చేతిలోకి వెళ్లాక, మొహానికి జానెడు దూరంలో పేలతాయి. మూత తెరిచిన దగ్గర్నుంచి సీసాని గంపలో పెట్టేదాకా నాలుగు క్షణాలు. రోజుకి మూడొందల సీసాలు. అన్నిసార్లూ నా పై ప్రాణాలు పైనే పోయేవి.

నా మొదటి యజమానిది గుడివాడ. ఆర్నెల్లు తిరక్కుండానే నా చక్రం తిప్పే మనిషికి ఓ కన్ను పోయింది. సీసా బయటికి తీశాడు, నవ్వుతూ ఎవరితోనో ఏదో అనబోయాడు, అంతే. ఆ అనబోయిన మాట ఏమిటో నాకు ఈనాటికీ తెలీదు. తప్పు బీటవారిన సీసాది, చూసుకోకుండా పెట్టినవాళ్లది. నింద మాత్రం నా నెత్తిన పడింది. "అచ్చిరాని మిషను" అని గోనె కప్పి మూల పడేశారు. మనుషులకి ఈ సదుపాయం ఒకటుంది లెండి, తమ పొరపాటుకి జాతకం రాసి ఇనుముకి అంటగట్టేస్తారు.

ఆ మూలకి నన్ను కొనడానికి వచ్చాడు మాజేటి పేరయ్య. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. చెవులకి పోగులు, భుజాన కండువా. బందరులో కంచు గిన్నెల కొట్లో పన్నెండేళ్లు గుమాస్తాగా చేసి, సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టుకోవాలని బయల్దేరిన మనిషి. నా దగ్గరికి రావడానికే జంకాడు. దూరం నుంచే ఓ చుట్టు చుట్టి, రొండిన దోపుకున్న కంచు గరిటె కాడ తీసి, కాళ్ల దగ్గర్నుంచి చక్రం దాకా పదిచోట్ల కొట్టాడు. కొట్టినప్పుడల్లా తల ఓ పక్కకి వంచి విన్నాడు.

"ఒంట్లో బీట లేదు. మోత శుద్ధంగా ఉంది," అన్నాడు. "దీని తప్పేం లేదండీ. మీరు సీసాల్ని అడగలేదు, అదీ సంగతి."

నేను నిర్దోషినని చెప్పిన మొదటి మనిషి ఆయన. కన్నీళ్లు పెట్టుకోవడం ఇనుముకి చేతకాదు గానీ, ఆ పూట నాకు దాదాపు అంత పనీ అయింది.

సీసాల్ని అడగడం అంటే ఏమిటో బందరు వచ్చాక తెలిసింది. కంచు కొట్లో పనిచేసినవాడు గిన్నెని కొని ఊరుకోడు, దాన్ని మోగించి చూస్తాడు. పేరయ్య ఆ విద్యని సోడా కొట్లోకి తెచ్చాడు. పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. కడిగిన ఖాళీ సీసాని ఒక్కొక్కటే మెడ దగ్గర పట్టుకుని, చెవి పక్కకి తెచ్చి, గరిటె కాడతో సుతారంగా ఒక్కటి తగిలించేవాడు. 'ఖంగు'మందా, కుడిపక్క పెట్టెలోకి. 'తప్పు'మందా, ఎదురుగా ఉన్న గుంటలో పగలగొట్టడమే. కంటికి ఆనని బీట ఆయన చెవికి ఆనేది. రోజుకి మూడొందల సీసాలు, ఒక్కటి కూడా అడక్కుండా నా దాకా రానిచ్చేవాడు కాదు.

నాకు తెలుసు, ఆయన కూడా నాలాగే పిరికివాడు. పక్కింట్లో పళ్లెం జారిపడితే ఉలిక్కిపడేవాడు. ఆ పిరికితనంతోనే అంత పెద్ద వ్యాపారస్థుడయ్యాడు. కోర్టు గుమాస్తాలు, రేవులో సరంగులు, పెళ్లివారు, అందరికీ పేరయ్య సోడాయే కావాలి. ఊరికి ఆయన సోడా ఎంతో చెవి కూడా అంతే. కొత్త కాపరానికి కొన్న బిందెలు మోసుకొచ్చి, "ఓసారి ఇని చెప్పండి శెట్టిగారూ," అనేవాళ్లు. ఆయన విని "తీస్కోండమ్మా" అంటే తీసుకోవడమే. అలా అన్నరోజు అన్నంలో నెయ్యి ఎక్కువ పోసుకునేవాడని ఆయన భార్య రంగనాయకమ్మగారు నవ్వేది.

నా చక్రం తిప్పడానికి మీరావలి వచ్చాడు. రేవులో బస్తాలు మోసిన మనిషి, గుమ్మమంత ఛాతీ, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. పేరయ్య వాడి కోసం కంసాలి చేత తీగల ముసుగు ఒకటి అల్లించాడు, మొహం, మెడ కప్పేలా. మొదటి ఏడాదంతా వలీ దాన్ని తగిలించుకునే పనిచేశాడు. చెమటకి మెడంతా ఒరుసుకుపోయేది పాపం. ఏడాదిలో ఒక్క సీసా పగల్లేదు. ఓరోజు దాన్ని తీసి మేకుకి తగిలించి, "శెట్టిగారి చెవుండగా నాకీ బుట్టెందుకండీ," అన్నాడు.

"తప్పురా, పెట్టుకో," అనాలి ఆయన. అనలేదు. మురిసిపోయాడు. ఆ మురిపెమే మా కొంప ముంచింది.

మేకుకి ఎక్కిన ముసుగు మళ్లీ దిగలేదు. ఆయుధపూజ నాడు నాకు గంధం పెట్టేవాళ్లు, చక్రానికి బంతిపూల దండ వేసేవాళ్లు, ముసుగుకి పసుపు మెత్తి కుంకుమ బొట్లు పెట్టేవాళ్లు. పదిహేడు దసరాలు. పదిహేడుసార్ల పసుపు తీగల సందుల్లో గట్టిపడింది, దాని వెనక తుప్పు. రక్షణకి అల్లించిన దాన్ని దేవుణ్ణి చేసి దండం పెట్టుకున్నారు. నేనూ ఆ దండాల్లో పడి భయం మర్చిపోయాను.

పద్దెనిమిదో ఏట పేరయ్యకి విషజ్వరం వచ్చింది. నెల్లాళ్లు మంచం మీదున్నాడు. రెండు చెవుల్లోనూ చీము పట్టింది. లేచి మళ్లీ పీట మీద కూర్చున్న మొదటి రోజునే నాకు ఏదో తేడాగా అనిపించింది. సీసాని చెవికి మరీ ఆనించుకుంటున్నాడు. సుతారంగా తగిలించే చెయ్యి గట్టిగా కొడుతోంది. ఒక్కో సీసాని రెండుసార్లు, మూడుసార్లు అడుగుతున్నాడు. తర్వాత కుడిపక్కకే పెడుతున్నాడు. గుంటలోకి ఒక్కటీ వెళ్లడంలేదు.

ఆ మధ్యాహ్నం వలీ నా పెట్టెలోకి ఒక సీసాని దించబోయి ఆగాడు. రేవులో తాళ్లు పట్టిన వేళ్లు వాడివి, వాటికేదో తగిలింది. చిటికెనవేలి ఇనప ఉంగరంతో మెల్లిగా కొట్టాడు. 'తప్'. నాకు గుండె లేదు గానీ, ఉంటే గుభేలుమనేది. వాడు వాకిలి వైపు చూశాడు. పేరయ్య ఇంకో సీసాని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఏ మోతా అందకపోయినా అందినట్టు తల ఊపుతున్నాడు.

వలీ నోరు తెరిచాడు. "చెప్పరా, చెప్పు," అని నేను లోలోపల మొత్తుకున్నాను. వాడు నోరు మూసుకుని, ఆ సీసాని గోనెపట్టా కింద దాచేశాడు.

ఆ రోజు నుంచీ మా కొట్లో రెండు అడగడాలు మొదలయ్యాయి. వాకిట్లో శెట్టిగారు కంచు కాడతో అందరికీ వినపడేలా అడిగేవాడు. లోపల నా పెట్టె మూతి దగ్గర వలీ ఉంగరంతో ఎవరికీ వినపడకుండా అడిగేవాడు. రోజుకి ఒకటో రెండో బీటవి దొరికేవి. వాటిని పెరట్లో కొబ్బరిమట్టల చాటున గోనెసంచిలో వేసి, నిండినప్పుడు కాలవ గట్టున పారబోసి వచ్చేవాడు.

రంగనాయకమ్మగారికీ తెలుసు. భోజనానికి పిలవడం మానేసి, వచ్చి ఎదురుగా నిలబడేది. ఓరోజు పెరటి గుమ్మంలో వలీతో గొంతు తగ్గించి అంది:

"ఆయనకి ఇనపట్లేదని నీకూ తెలుసు కదట్రా?"

"తెలుసమ్మగారూ."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పమంటారు? ఆయనకి చెవంటే పేనం. చెప్తే పీట మీంచి లెగిసి మళ్లీ కూసోడు. నేను చూసుకుంటన్నాగా. మీరూ చెప్పమాకండి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. చూశారా? తనకి వినపడదని ఆయనకి తెలుసు, అది బయటపడుతుందని భయం. ఆయనకి వినపడదని వీళ్లకి తెలుసు, ఆయన చిన్నబుచ్చుకుంటాడని భయం. గాజుసీసాని అడగనిదే ముట్టుకోని మనుషులు, ఒకర్నొకరు ఒక్క మాట అడగలేకపోయారు. నాకేమో నోరు లేదు. వలీ ఓరోజు పరధ్యానంలో ఉంగరం తగిలించడం మర్చిపోతే? వాడి మొహం మీద ముసుగు లేదు. రెండేళ్లు నేను ఆ భయంతోనే తిరిగాను.

వైశాఖమాసం. ఎండ రాళ్లు పగలగొడుతోంది. ఆ రోజు పొద్దున్నే పేరయ్య పాతిక సీసాలు అడిగి నా పక్కన పెట్టెలో పెట్టించాడు. వలీ గ్యాసు బుడ్డి బిగిస్తున్నాడు. ఈలోగా పేరయ్య కాళ్లు కడుక్కోవడానికి పెరట్లో నూతి దగ్గరికి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఖాళీ సీసా ఒకటి ఉంది. ఎండకి ఎదురుగా పట్టి చూశాడు. మెడ నుంచి నడుం దాకా సన్నటి గీత మెరిసింది.

గోనెసంచి దొరికిందన్నమాట. అందులో ఉన్నవన్నీ తను 'మంచివి' అని కుడిపక్క పెట్టినవేనని ఆయనకి అర్థమయింది. వాటిని ఎవరు ఆపారో కూడా అర్థమయింది. వలీ వీపు వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. చిన్న గాజు గాటు కూడా లేని ఆ మొహాన్ని, వాడు ఇటు తిరిగాక, ఇంకాసేపు చూశాడు. తర్వాత సీసాని వెనక్కి దాచి, జేబులోంచి సరుకు విడిపించే చీటీ ఒకటి తీశాడు.

"వలీ, టేసనుకెళ్లి గ్యాసు బుడ్డి తీసుకురా. బండి కట్టించుకో."

"ఇయ్యి కొట్టేసి ఎళ్తానండి. పాతికేగా."

పేరయ్య వాడి పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "ముందది చూడు. ఇవి నేను చూసుకుంటా," అన్నాడు. వలీ తటపటాయించి, చీటీ తీసుకుని వెళ్లాడు.

పేరయ్య తలుపు ఓరగా వేశాడు. పాతిక సీసాల ముందు నిలబడ్డాడు. వాటిని వలీ ఉంగరం ఇంకా అడగలేదు. పారబోసి ఊరుకోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అన్నాను, నాకు చేతనైన భాషలో, చక్రం కిర్రుమనిపించి. కానీ మనిషి బుర్ర ఇనప చక్రం కాదు, ఎటు తిప్పితే అటు తిరగదు.

"ఈ పాతికా పగలకపోతే నా చెవి ఇంకా బతికున్నట్టే," అన్నాడు నాతో. ఇరవయ్యేళ్లలో ఆయన నాతో మాట్లాడింది అదే మొదలు. "పగిలిందా, నా మొహమ్మీదే పగలాలి. వాడి మొహమ్మీద కాదు."

ముసుగు తీసి తలకి తగిలించుకున్నాడు. పసుపూ కుంకుమా తుప్పూ కలిసి గట్టిపడి తీగల సందులన్నీ పూడుకుపోయాయి. ఏమీ కనపడలేదు. గోటితో గీకి చూశాడు, రాలలేదు. ఒకచోట తీగే విరిగి చేతిలోకి వచ్చింది. తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ మేకుకే తగిలించాడు.

మొదటి సీసా దించాడు. చక్రం తిప్పాడు. మూత తెరిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు క్షణాలు. గంపలో పెట్టాడు. పగల్లేదు. రెండోది. మూడోది. పది దాటేసరికి ఆయన జుబ్బా ఒంటికి అంటుకుపోయింది. పదిహేను దాటేసరికి మొహంలోకి ఎక్కడిదో చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది, గుడివాడ మనిషి కూడా నవ్వుతూనే ఉన్నాడు.

పందొమ్మిదోది లోపలికి వచ్చింది. చక్రం తిరిగింది. గ్యాసు ఎక్కింది. అప్పుడు నా పెట్టెలో, నా కడుపులో, 'చిట్'మని వినిపించింది. చీమ పిల్ల గింజ కొరికినంత చప్పుడు. రెండేళ్ల కిందటి పేరయ్యయితే ఆ చప్పుడికి వీధవతల ఉన్నా ఆగిపోయేవాడు. ఇప్పుడు మూత మీద చెయ్యి వేశాడు. నేను మూతని బిగబట్టాను. నిజం, దేవుడి మీద ఒట్టు, బలమంతా పెట్టి బిగబట్టాను. ఏదో తుప్పు పట్టిందనుకుని ఆయన గట్టిగా లాగాడు.

సరిగ్గా అప్పుడే తలుపు దభాలున తెరుచుకుంది. వలీ. సగం దారిలో చీటీ విప్పి చూశాడట, అది పోయిన వారం తెచ్చేసిన బుడ్డి తాలూకుది. తనని కావాలనే పంపేశారని అర్థమై, బండి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"శెట్టిగారూ! తియ్యమాకండి! అయ్యా, తియ్యొద్దు!"

ఆ కేక వీధంతా విన్నది. లోపల వంటింట్లో రంగనాయకమ్మగారు విన్నది. నేను విన్నాను. పేరయ్య తలుపుకి వీపు పెట్టి ఉన్నాడు. సీసాని మెల్లిగా బయటికి తీసి, అలవాటు కొద్దీ, చెవి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆ తర్వాతది నేను చెప్పను. గాజు మెడలో దిగింది.

డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. ఎక్కడికీ కదపొద్దన్నాడు. నులకమంచం తెచ్చి నా పక్కనే వేశారు. మెడంతా గుడ్డ చుట్టి ఉంది, మాట లేదు. మర్నాడు పొద్దున్న వలీ మంచం కోడు పట్టుకుని కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేను ముందే చెప్పుంటే ఇంత అయ్యేదా అయ్యగారూ! నా నోరు పడిపోనూ!" ఆయనకి ఆ మాటలేవీ అందలేదు. చెయ్యెత్తి వాడి చెంప తడిమాడు. గాయాలేమైనా ఉన్నాయా అని వెతికినట్టు తడిమాడు. తర్వాత నా పక్కనున్న పెట్టెలోని ఖాళీ సీసా వైపు వేలు చూపించాడు.

వలీ తెచ్చి ఇచ్చాడు. చెవి దాకా ఎత్తే బలం లేక ఆయన దాన్ని దవడ ఎముక మీద ఆనించుకుని, కొట్టమన్నట్టు సైగ చేశాడు. వలీ కంచు కాడతో మెల్లిగా తగిలించాడు.

పేరయ్య కళ్లు పెద్దవయ్యాయి. ఇంకోసారి అన్నట్టు వేలు ఎత్తాడు. వలీ మళ్లీ కొట్టాడు. ఆ మోత చెవిలోంచి కాదు, ఎముకలోంచి ఆయన తలలోకి వెళ్లింది. ఆయనకి వినపడింది! కుడి చెయ్యి చూపించాడు. మంచిదని. వలీ గబగబా ఇంకోటి తెచ్చి ఆనించాడు. మంచిదే. సంచిలోంచి ఒకటి తెచ్చి, ఏమీ చెప్పకుండా ఆనించాడు. పేరయ్య నొసలు ముడిపడింది. గుంట వైపు చూపించాడు.

"అమ్మగారూ! అయ్యకి ఇనపడతంది! దవడకి ఆనిస్తే ఇనపడతంది!" వలీ అరిచాడు. రంగనాయకమ్మగారు పరుగెత్తుకొచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూలబడి, "ఇన్నాళ్లూ ఇక్కడే ఉందిటండీ మీ చెవి," అని భోరుమంది. ఎవరైనా ఒక్కరు, రెండేళ్లలో ఒక్కరోజు, నోరు తెరిచి ఉంటే, ఆ పీట మీద ముగ్గురూ కూర్చుని ఎలాగని వెతుక్కునేవాళ్లు. దవడో, పన్నో, ఏదో ఒకటి దొరికేది. సీసా ఆనించుకుని ఇంకో పదేళ్లు అడిగేవాడు ఆయన.

సాయంత్రం దాకా వలీ సీసాలు తెస్తూనే ఉన్నాడు. ఆయన కుడిపక్కో గుంటో చూపిస్తూనే ఉన్నాడు. ఒక్కటీ తప్పు చెప్పలేదు. దీపాలు పెట్టే వేళ వలీ ఒక సీసాని ఆనించి కొట్టాడు. 'ఖంగు'మంది. చెయ్యి లేవలేదు. మళ్లీ కొట్టాడు. నాకు తెలిసిపోయింది గానీ వాడికి తెలియలేదు, ఇంకా రెండుసార్లు కొట్టాడు.

నన్ను అమ్మేస్తారనుకున్నాను. రంగనాయకమ్మగారు అమ్మలేదు. కొట్టు వలీ చేతిలో పెట్టింది. వాడు ముందు చేసిన పని, పాత ముసుగుని తీసి కృష్ణలో కలిపి, కొత్తది అల్లించుకోవడం. దసరాకి దానికి ఎవరు పసుపు తెచ్చినా దగ్గరికి రానిచ్చేవాడు కాదు, "ఇది మొహానికండీ, మొక్కడానికి కాదు," అని. సీసాల్ని వాడే అడిగేవాడు. పక్కన పీట మీద ఆవిడ కూర్చునేది. ప్రతిదానికీ, "ఇన్నారా అమ్మగారూ?" అనేవాడు. ఆవిడ "ఇన్నానురా," అంటేనే కుడిపక్కకి వెళ్లేది.

ఆవిడ పోయాక కూడా ఏళ్ల తరబడి నడిచింది కొట్టు. వలీ గడ్డం తెల్లబడింది. ఒక పొద్దున్న, కొట్టు ముందు బండ్లవాళ్లూ కోర్టు జనమూ నిండి ఉన్న వేళ, సీసా ఒకటి చెవికి పెట్టుకుని కొట్టాడు. తల వంచాడు. మళ్లీ కొట్టాడు. నా బోల్టులన్నీ బిగుసుకుపోయాయి. ఐదు పదుల ఇనుము నేను, ఇంకోసారి చూడలేననుకున్నాను.

వలీ సీసాని కింద పెట్టి లేచి నిలబడ్డాడు. వీధి మొత్తానికి వినపడేలా, రేవులో కేక వేసినట్టు అన్నాడు:

"అయ్యా, నాకు ఇనపట్లేదు! ఇయ్యాల్టి నుంచీ నాకు ఇనపట్లేదు! ఇంకెవరన్నా వచ్చి కూసోండి!"

ఎవరూ నవ్వలేదు. రానూ లేదు, అప్పటికి ఊళ్లో గోలీ సోడాల కాలం అయిపోవచ్చింది. ఆ రోజే నా చక్రం ఆగిపోయింది. వాడు కంచు కాడని నా పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, తలుపు దగ్గరికి వేసుకుని వెళ్లాడు. కాడ ఇంకా నా లోపలే ఉంది. ఈ కొట్టువాళ్లు మూత తీసి చూడలేదు.